తాకితే జివ్వుమనే ఫ్రిజ్: అద్దె ఇళ్లలో, దుకాణాల్లో విద్యుత్ పరికరాల భద్రతా పరీక్ష

ఫ్రిజ్ తలుపు పట్టుకోగానే చేతికి జివ్వుమంటోందంటే చాలా ఇళ్లలో దొరికే పరిష్కారం ఒక్కటే: చెప్పులు వేసుకుని తెరవడం. అద్దెకున్నవారు ఇంటి యజమానికి చెబుతారు. యజమాని మెకానిక్‌ను పిలిపిస్తారు. ఫ్రిజ్‌లో లోపమేమీ లేదని మెకానిక్ తేల్చేసి వెళ్లిపోతాడు. చాలాసార్లు అతను చెప్పింది నిజమే. లోపం ఫ్రిజ్‌లో లేదు, దాని వెనకనున్న గోడలో ఉంది.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా అంటే గూడ్సు బండ్ల యార్డు, రైల్వే క్వార్టర్లు, వీధి వీధినా వినిపించే తెలుగు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి వచ్చింది. ఆ తరువాత వర్క్‌షాపు వెలిసింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. రైల్వే క్వార్టర్ల వైరింగ్ బాధ్యత రైల్వే విద్యుత్ విభాగానిది. కాలనీ హద్దు దాటి బయట అద్దెకిచ్చే వాటాలు, టిఫిన్ హోటళ్లు, ఇస్త్రీ దుకాణాలు, వెల్డింగ్ షెడ్ల సంగతి వేరు. అక్కడ మీటరు దాటిన తరువాత ఉన్న ప్రతి వైరుకూ, ప్లగ్గుకూ జవాబుదారీ ఎవరంటే స్పష్టమైన సమాధానం దొరకదు.

2022 డిసెంబరులో ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మాట్లాడుతున్న ఒక టికెట్ తనిఖీ ఉద్యోగిపై పైనుంచి తీగ పడటం, ఆయన పట్టాల మీదకు కూలిపోవడం దేశమంతా వీడియోలో చూసింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. రైలు మార్గం పైన ఉండే తీగలో 25,000 వోల్టులుంటాయని అక్కడివారికి చిన్నప్పటి నుంచీ తెలుసు, అందుకే దానికి దూరంగా మెలుగుతారు. ఇంట్లో ఉండే 230 వోల్టులకు అలాంటి భయం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో మాత్రం విద్యుదాఘాతంతో దేశంలో ఏటా పది వేల మందికి పైగా చనిపోతున్నారు. వీటిలో పొలాల్లో, లైన్ల మీద జరిగే ప్రమాదాలూ కలిసే ఉన్నాయి. కానీ స్నానాల గదిలో హీటర్ రాడ్, వేసవిలో ఇనుప ఒంటి కూలర్ వల్ల జరిగే మరణాల వార్తలు ఏ ఏడాదీ ఆగడం లేదు.

జివ్వుమనేది ఏమిటి?

ఇప్పటి ఫ్రిజ్‌లు, కంప్యూటర్లు, టీవీలలో విద్యుత్ గోలను వడకట్టే చిన్న ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజు నుంచి లోహపు ఒంటికి ఒక కెపాసిటర్, న్యూట్రల్ నుంచి అదే ఒంటికి ఇంకొకటి కలిపి ఉంటాయి. రెండూ సమానం కాబట్టి, ఎర్త్ లేని పరికరం ఒళ్లు సరిగ్గా మధ్యలో, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. టెస్టర్ పెడితే మసకగా వెలుగుతుంది. అయితే ఆ కెపాసిటర్లు చాలా చిన్నవి. 4.7 నానోఫారడ్ల కెపాసిటర్ గుండా 50 హెర్ట్జ్ వద్ద పారగలిగేది సుమారు 0.34 మిల్లీఆంపియర్. మనిషి చర్మానికి కరెంటు తెలియడం మొదలయ్యేది కూడా దాదాపు ఆ స్థాయిలోనే, అర మిల్లీఆంపియర్ దగ్గర. అందుకే అది షాక్‌లా కొట్టదు, చీమ పాకినట్టు జివ్వుమంటుంది.

ఈ కరెంటు ప్రాణం తీయదు. కానీ అది ఒక ఉచిత పరీక్షా ఫలితం. సాకెట్లోని మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉంటే ఆ 0.34 మిల్లీఆంపియర్ నేలలోకి పోయేది, చేతికి తెలిసేదే కాదు. తెలుస్తోందంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదన్నమాట. రేపు అదే ఫ్రిజ్ కంప్రెసర్ లోపలి వైరు ఒరుసుకుని ఒంటికి తగిలితే, అప్పుడు అడ్డంగా కెపాసిటర్ ఉండదు. నేరుగా 230 వోల్టులు ఉంటాయి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఫ్రిజ్, టీవీ, కంప్యూటర్ తగిలించిన గదుల్లో ఇంకో చిత్రం జరుగుతుంది. బాక్స్ లోపల మూడింటి ఎర్త్ పిన్నులూ కలిసి ఉంటాయి కాబట్టి మూడింటి లీకేజీ కూడుకుంటుంది, దేన్ని ముట్టుకున్నా గట్టిగా కొడుతుంది. మెకానిక్ ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేనిలోనూ తప్పు దొరకదు.

శరీరం ఎంత తట్టుకుంటుందన్న దానిపై అమెరికాలోని బర్కిలీలో ఛార్లెస్ డాల్జియెల్ అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి పరిశోధించారు. దాదాపు 10 మిల్లీఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేరు. పిల్లల్లో ఈ హద్దు ఇంకా తక్కువ. 30 మిల్లీఆంపియర్లు దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. తడి చేతులు, తడి నేల ఉన్నప్పుడు శరీర నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. ప్రమాద రేఖకు ఏడు రెట్లు పైన.

ఎర్రనేలలో ఎర్త్

అయితే గుంత తవ్వి, పైపు దించి, ఎర్త్ వైరు లాగితే సరిపోతుందా? ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నేల ఎర్రటి లాటరైట్. వానాకాలంలో తడిగా ఉండే ఈ గరుకు నేల ఏప్రిల్, మే నెలల ఎండకు ఎండి గట్టిపడుతుంది. నేలలో కరెంటు పారేది తేమలో కరిగిన లవణాల ద్వారా. తేమ పోతే నేల నిరోధం కొన్ని రెట్లు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కూలర్లు బయటికి వస్తాయి.

లెక్క వేసి చూస్తే ఈ విషయం ఎంత తీవ్రమైందో తెలుస్తుంది. రెండున్నర మీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్న పైపును 100 ఓమ్-మీటర్ల నిరోధకత ఉన్న నేలలో పాతితే దాని ఎర్త్ నిరోధం సుమారు 35 ఓమ్‌లు వస్తుంది. అదే పైపు ఎండిన గరుకు నేలలో, 500 ఓమ్-మీటర్ల దగ్గర ఉందనుకుంటే 175 ఓమ్‌లు. కూలర్ మోటారులోని ఫేజు వైరు ఒంటికి తగిలినప్పుడు మొదటి సందర్భంలో నేలలోకి పోయే కరెంటు ఆరున్నర ఆంపియర్లు. రెండో దాంట్లో 1.3 ఆంపియర్లు మాత్రమే. బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ. అది తక్షణం ట్రిప్ కావాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి, ఎందుకంటే ఆ రకం ఎమ్‌సీబీ తన రేటింగుకు ఐదు నుంచి పది రెట్ల మధ్య తెగుతుంది. ఒకటో ఆరో ఆంపియర్లను అది మామూలు లోడు అనుకుంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కూలర్ చల్లగానే ఉంటుంది, దాని ఇనుప ఒంటి మీద దాదాపు 230 వోల్టులూ అలాగే నిలిచి ఉంటాయి.

ఈ లోపం ఒక చోట మాత్రం కనిపించవచ్చు. 1.3 ఆంపియర్లు 175 ఓమ్‌ల నేలలోకి పారితే 300 వాట్ల వేడి పుడుతుంది. రోజుకు ఏడు యూనిట్లు, నెలకు రెండు వందలకు పైగా. కారణం లేకుండా బిల్లు పెరిగితే యజమాని, అద్దెదారు మీటరు గురించి పోట్లాడుకుంటారు. ఎర్త్ వైరుకు క్లాంప్ మీటరు పెట్టి చూసేవారు అరుదు.

ఎర్త్ ఒక్కటే చాలనప్పుడు అక్కరకు వచ్చేది ఆర్‌సీసీబీ. పాత వైర్‌మన్లు దీన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అన్నదే ఇది చూస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకనులోపు సరఫరా తెంచేస్తుంది. దీనికి 80 ఆంపియర్లు అక్కర్లేదు. 175 ఓమ్‌ల నేలలోనూ 30 మిల్లీఆంపియర్లు పారడానికి ఐదారు వోల్టులు చాలు. ఒంటి మీద వోల్టేజి ప్రమాదకరంగా పెరిగేలోపే పని అయిపోతుంది. డాల్జియెల్ తన పరిశోధనల ఆధారంగా 1961లో ఇలాంటి పరికరాన్నే రూపొందించారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక చేత్తో ఫేజునూ, ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్న మనిషి ఆర్‌సీసీబీ కంటికి మామూలు బల్బులాగే కనిపిస్తాడు.

బోర్డు వెనక దాగిన తుంట వైరు

అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం ఏ టెస్టరుకూ దొరకదు. ఎర్త్ గుంత తవ్వడం ఖర్చు, శ్రమ. అందుకని కొందరు వైర్‌మన్లు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తుంట వైరు కలిపేస్తారు. వెంటనే ఫ్రిజ్ జివ్వుమనడం ఆగిపోతుంది, ఎందుకంటే న్యూట్రల్ మామూలుగా నేలకు దగ్గరి వోల్టేజిలోనే ఉంటుంది. ప్లగ్గులో పెట్టి చూసే మూడు బల్బుల సాకెట్ టెస్టర్ కూడా ఎర్త్ బాగానే ఉందంటుంది. ఇంటివారు సంతోషిస్తారు.

ఇప్పుడు కాలవైశాఖి గాలివానకు బయటి స్తంభం మీదో, మీటరు దగ్గర తుప్పు పట్టిన స్క్రూ దగ్గరో న్యూట్రల్ తెగిందనుకుందాం. ఇంట్లో ఆన్‌లో ఉన్న ఏదో ఒక బల్బు గుండా ఫేజు న్యూట్రల్ వైరులోకి వస్తుంది, అక్కడి నుంచి తుంట వైరు మీదుగా ఆ సాకెట్లోని ప్రతి లోహపు ఒంటి మీదకూ చేరుతుంది. పరికరంలో ఏ లోపమూ లేదు. కరెంటు పోయిందనుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిన మనిషికి ఫ్రిజ్ తలుపే ఫేజు.

ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లోనూ ఈ తుంట వైరు హాని చేస్తుంది. పరికరం ఒంటికి లీకైన కరెంటు నేలలోకి పోకుండా న్యూట్రల్ గుండా ఆర్‌సీసీబీలోంచే తిరిగి వస్తుంది. వెళ్లిందీ వచ్చిందీ సమానం, అది తెగదు. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీ లోపలి యంత్రాన్నే తప్ప ఇంటి ఎర్త్‌ను కాదు. నెలకోసారి ఆ బటన్ నొక్కడం మంచిదే, కానీ దాన్ని బట్టి ఎర్త్ ఉందని అనుకోకూడదు. తుంట వైరు ఉందో లేదో తెలియాలంటే మెయిన్ ఆపి, సాకెట్ విప్పి కళ్లతో చూడాల్సిందే.

గ్రైండర్ మీద నాలుగు పరీక్షలు

నిమ్‌పురా లాంటి చోట టిఫిన్ హోటల్లో పరీక్షించాల్సిన మొదటి వస్తువు ఏదంటే వెట్ గ్రైండర్. నీళ్లు, పిండి, లోహం, తడి చేతులు, తడి నేల అన్నీ ఒక్క చోటే ఉంటాయి.

మొదటి పరీక్షకు పరికరం అక్కర్లేదు. ప్లగ్గు తీసి చూడటమే. పిన్నులు నల్లబడ్డాయా, వైరు ప్లగ్గులోకి దూరే మెడ దగ్గర పై తొడుగు జారి లోపలి రంగులు కనిపిస్తున్నాయా, టేపు చుట్టిన అతుకులున్నాయా, త్రీ పిన్నులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి టూ పిన్ సాకెట్లో దూర్చారా, ఐఎస్ఐ గుర్తు ఉందా. ఇస్త్రీ పెట్టెలు, హీటర్ రాడ్లు, గీజర్ల వంటివాటికి ఆ గుర్తు 2003 నాటి నాణ్యతా ఉత్తర్వుతో తప్పనిసరి అయింది. బ్రిటన్‌లో ఇలాంటి తనిఖీలను పర్యవేక్షించే సంస్థ ఎన్నాళ్ల నుంచో చెబుతున్న మాట కూడా ఇదే: ఎక్కువ లోపాలు కంటి చూపుకే దొరుకుతాయి.

రెండోది ఎర్త్ వైరు పరీక్ష. ప్లగ్గులోని పెద్ద పిన్ను నుంచి గ్రైండర్ లోహపు ఒంటి దాకా నిరోధం కొలుస్తారు. ఇది వైరు సొంత నిరోధం కాక 0.1 ఓమ్‌కు మించకూడదు. మామూలు మల్టీమీటరుతో ఈ కొలత తీసి తృప్తిపడేవారున్నారు. అక్కడో చిక్కుంది. సాధారణ ఫ్లెక్సిబుల్ వైరులో ఒక్కో పాయలో 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి పోగులు 24 ఉంటాయి. ప్లగ్గు మెడ దగ్గర వంగి వంగి 23 పోగులు తెగి ఒక్కటే మిగిలిందనుకుందాం. రెండు సెంటీమీటర్ల మేర కరెంటు ఒక్క పోగు మీద నడిస్తే అదనంగా చేరే నిరోధం 0.011 ఓమ్ మాత్రమే. మల్టీమీటరు దాన్ని గమనించనే లేదు. కానీ 25 ఆంపియర్ల కరెంటు పంపితే ఆ ఒంటరి పోగు కరిగిపోతుంది, ఎందుకంటే అంత సన్నటి రాగి ఏడెనిమిది ఆంపియర్ల దగ్గరే ఎర్రబడి తెగుతుంది. పరికరాల పరీక్షా యంత్రాలు ఎక్కువ కరెంటు పంపి కొలిచేది అందుకే. కొలుస్తున్నప్పుడు వైరును ప్లగ్గు దగ్గర, మోటారు దగ్గర వంచుతూ ఉండాలి. అంకె ఊగిందంటే లోపల పోగులు తెగుతున్నట్టే.

మూడోది ఇన్సులేషన్. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ఒకవైపు, ఎర్త్ మరోవైపు పెట్టి 500 వోల్టుల డీసీ ఇస్తారు. మన వైర్‌మన్లు దీన్ని మెగ్గర్ కొట్టడం అంటారు. మెగ్గర్ అనేది నిజానికి ఇంగ్లండ్‌కు చెందిన ఒక కంపెనీ 1903లో నమోదు చేసుకున్న వ్యాపార నామం, క్రమంగా పనిముట్టు పేరే అయిపోయింది. ఎర్త్ ఉన్న పరికరానికి కనీసం ఒక మెగా ఓమ్, రెండు పొరల ఇన్సులేషన్‌తో ఎర్త్ లేకుండా వచ్చే మిక్సీ, డ్రిల్లు వంటివాటికి రెండు మెగా ఓమ్‌లు రావాలి. ఎర్త్ పరీక్ష ముందు, ఇది తరువాత చేయడానికి కారణం ఉంది. ఎర్త్ వైరు తెగి ఉంటే మెగ్గర్‌కు ఒంటి దాకా దారే ఉండదు, లోపలున్న లీకేజీ కనిపించక అద్భుతమైన అంకె వస్తుంది. ఇంకో మెలిక: పిడుగుల నుంచి కాపాడే భాగం ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులకు 500 వోల్టులు పెడితే అవి తమ పని తాము చేసి తక్కువ అంకె చూపిస్తాయి. వాటిని 250 వోల్టుల దగ్గర పరీక్షించాలి.

నాలుగోది నడుస్తున్నప్పుడు ఎర్త్‌లోకి ఎంత లీకవుతోందో చూడటం. చేత్తో ఎత్తి వాడే, ఎర్త్ ఉన్న పరికరాలకు 0.75 మిల్లీఆంపియర్, ఒకచోట నిలిపి వాడే మోటారు యంత్రాలకు 3.5 దాకా అనుమతి ఉంది. ఎర్త్ లేని రెండు పొరల పరికరాలకు 0.25 మాత్రమే.

హీటర్ రాడ్లకు, గీజర్లకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. లోపలి వేడి తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపుతారు. అది తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా అటక మీద పడి ఉన్న రాడ్‌ను డిసెంబరులో దించి పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోవడం అందుకే. అలాంటప్పుడు ఆర్‌సీసీబీ చెడిందని దాన్ని తప్పించి నేరుగా కలపడం ప్రాణాల మీదికి తెస్తుంది. నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూసే అలవాటున్న ఇళ్లలో మరీను. రాడ్ గొట్టం మీద చిన్న పగులున్నా దాన్ని పారేయడమే.

బాధ్యత ఎవరిది?

అద్దెకిచ్చే ఇంట్లోని ప్రతి పరికరాన్నీ ఫలానా గడువులో పరీక్షించాలనే నియమం మన దేశంలో లేదు. ఉన్నది వైరింగ్ గురించి. 2010 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు కొత్త కనెక్షన్‌కు 500 వోల్టుల వద్ద నిమిషం పాటు పరీక్షిస్తే కనీసం ఒక మెగా ఓమ్ రావాలన్నాయి. ఐదేళ్లకు మించకుండా తనిఖీ చేయించాలని కూడా చెప్పాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. వంద మంది లేదా అంతకు మించి గుమిగూడే చోట, అంటే దుర్గా పూజ పందిరి, మాతా పూజ పందిరి లాంటి చోట్ల, విద్యుత్ వాడకానికి ఏడు రోజుల ముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని 2003 విద్యుత్ చట్టంలోని 54వ సెక్షన్ చెబుతోంది. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్ల వైరింగ్‌ను ఐదేళ్లకోసారి పరీక్షించి నివేదికను అద్దెదారు చేతికివ్వాలని 2020లో నియమం పెట్టారు. నివేదిక చేతికివ్వాలన్న ఆ చిన్న మాట మన దగ్గర లేదు.

2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టం ఇంటి లోపలి, బయటి వైరింగ్ యజమానికి వదిలి, స్విచ్చులు, సాకెట్లు, గీజర్, సర్క్యూట్ బ్రేకర్ల మరమ్మతు అద్దెదారుకు అప్పగించింది. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ పైన చెప్పిన తుంట వైరు ఎవరి కిందికి వస్తుంది? అది సాకెట్ వెనకే ఉంటుంది, కానీ లోపం వైరింగ్‌ది. ఆర్‌సీసీబీ ఇంటి మొత్తానికి కాపలా. నాలుగు నెలలుండి వెళ్లిపోయే అద్దెదారు దాన్ని కొని పెట్టించాలనడం అర్థం లేనిది. ఎర్త్ గుంత, ఆర్‌సీసీబీ, సాకెట్ల ఎర్త్ యజమాని బాధ్యత, వెంట తెచ్చుకున్న వస్తువులు అద్దెదారు బాధ్యత అని ఒప్పంద పత్రంలోనే రాసుకోవడం మేలు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది కాబట్టి ఇక్కడ ఆ హెచ్చరిక కాగితం తెలుగులో కూడా అంటించడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు.

ఎంత తరచుగా అంటే, వస్తువును బట్టి. ఏడాదికోసారి అనే ఒకే గడువు అన్నిటికీ పెట్టడం శాస్త్రీయం కాదు. మూలన కదలకుండా ఉండే ఫ్రిజ్‌కు రెండు మూడేళ్లకోసారి చాలు. రోజూ తడిసే గ్రైండర్, వైరు నలిగే ఇస్త్రీ పెట్టె, చేతులు మారే డ్రిల్లు ఆరు నెలలకోసారి చూడాలి. ఎర్త్ గుంతను మాత్రం మేలో కొలవాలి, ఆగస్టులో కాదు. వానలో తడిసిన లాటరైట్ ఇచ్చే అంకె ఎండాకాలంలో నిలవదు.

కొలిచిన అంకెలను ఒక నోటుబుక్కులో తేదీతో రాసిపెట్టాలి. పాస్, ఫెయిల్ అని రాస్తే చాలదు. గ్రైండర్ ఇన్సులేషన్ ఒక ఏడాది 60 మెగా ఓమ్‌లు, మరుసటి ఏడాది 20, ఆ తరువాత 3 వచ్చిందనుకుంటే మూడూ పాసే. కానీ మూడో అంకె వచ్చిన రోజు మోటారు విప్పి, సీలు దగ్గర నీరు ఎక్కడ నుంచి దిగుతోందో చూడాల్సిన రోజు.